సముద్రం అడుగున ఈడ్చే వలలు: సిమెంటు తొట్టిలో మా ట్రయల్స్ డైరీ

సంక్రాంతి వెళ్ళాక

పని ఏమిటో ముందే చెప్పేస్తాను. సముద్రంలో నేలకు ఆనించి ఈడ్చే సరంజామా ముఖ్యంగా మూడు రకాలు: బీమ్ ట్రాల్, బోర్డులతో లాగే ఆటర్ ట్రాల్, డ్రెడ్జ్. ఈ మూడింటికీ చిన్న నమూనాలు కట్టాలి. గోడకు తగిలించే బొమ్మలు కాదు, నీళ్ళలో లాగితే నిజంగా పనిచేసేవి. తొట్టి అడుగున ఇసుక పరిచి వాటిని ఈడ్చి, ఏది నేలను ఏం చేస్తుందో కళ్ళతో చూడాలి. ఆ తర్వాత రొయ్యల వలలో పడ్డ తాబేలు బయటికి పోయేలా చేసే జాలీ ఒకటి అసలు సైజులో కట్టాలి.

మాది ఒడిశాలో గంజాం జిల్లా, బాహుదా నది సముద్రంలో కలిసే మొగకు దగ్గర్లో ఉన్న తెలుగు మత్స్యకారుల పల్లె. కాస్త కిందికి దిగితే ఇచ్ఛాపురం, అంటే ఆంధ్ర. మా ఒడ్డున ట్రాలర్లు ఉండవు. అలల మీంచి ఇసుకలోకి ఎక్కించే ఫైబర్ బోట్లు, తెప్పలు, ఒడ్డున నిలబడి లాగే అలివి వల, ఇవే మావి. కానీ కుర్రాళ్ళు విశాఖ, పారాదీప్, గుజరాత్‌లో వేరావల్ దాకా వెళ్ళి ట్రాలర్ల మీద కళాసీలుగా చేస్తారు. వల దించడం, ఎత్తడం, చేప ఏరడం, చిరిగితే కుట్టడం అన్నీ వాళ్ళకు వచ్చు. నీళ్ళ కింద ఆ వల ఎలా నడుస్తుందో మాత్రం ఒక్కరూ చూడలేదు, చూసే వీలే లేదు. నాకు ఎప్పటినుంచో ఉన్న కోరిక అది వాళ్ళకు చూపించాలని. నాది వెల్డింగ్ షాపు కాబట్టి ఇనుము పని నేను చూసుకుంటాను, వల పని మా బావ. విశాఖలో సోనా బోట్లనే రకం ట్రాలర్ల మీద ఏళ్ళ తరబడి సరంగుగా, అంటే బోటు నడిపేవాడిగా చేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాడు.

తొట్టి దొరికింది. మూతపడిన ఒక రొయ్యపిల్లల హేచరీలో నీళ్ళు నిలవచేసే సిమెంటు తొట్టి, 12 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు. అడుగున నాలుగు వేళ్ళ మందం ఇసుక పోశాం, పైన మోకాలు దాటేంత నీళ్ళు.

ఇక కొలతలు. 9 రెట్లు చిన్నవి చేద్దామని నిర్ణయించాం, దానికి కారణం ఉంది. వల నమూనాలకు వేగం తగ్గించే లెక్క ఒకటుంది, సైజు ఎన్ని రెట్లు తగ్గిస్తే వేగాన్ని దాని వర్గమూలం మేరకే తగ్గించాలి. 9కి వర్గమూలం 3, లెక్క సుఖంగా ఉంటుంది. రొయ్యల ట్రాలర్ రెండున్నర నాట్ల వేగంతో లాగుతుందనుకుంటే అది సెకనుకు 1.29 మీటర్లు, మన తొట్టిలో సెకనుకు 43 సెంటీమీటర్లు చాలు. బరువు లెక్క మాత్రం చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. 65 కిలోల బోర్డుకు 9 రెట్లు చిన్న బోర్డు 7 కిలోలు ఉండాలనుకుంటారు, కాదు, 9ని మూడుసార్లు వేసి హెచ్చిస్తే 729, దాంతో భాగించాలి, అంటే 90 గ్రాములు దాటకూడదు. ఇది పాటించకపోతే చిన్న బోర్డు ఇసుకలో కూరుకుపోయి అసలు బోర్డు గురించి అబద్ధం చెబుతుంది.

లాగడానికి లారీ వైపర్ మోటారు వాడాను. స్లో స్పీడులో నిమిషానికి 45 చుట్లు తిరిగేది, దానికి 18 సెంటీమీటర్ల డ్రమ్ము. లెక్కకు సెకనుకు 42 సెంటీమీటర్లు వస్తుంది. తొట్టి గోడల మీద బేరింగులతో దొర్లే అడ్డపలక మా బోటు.

జనవరి ఆఖరు వారం

బీమ్ ట్రాల్‌తో మొదలుపెట్టాం, ఇది తేలిక. వల నోటికి అడ్డంగా ఒక దూలం, రెండు కొసలా ఇనుప కాళ్ళు, కాళ్ళ అడుగున పట్టీలు. దూలం ఎంత పొడవుంటే నోరు అంత వెడల్పు, ఎంత నెమ్మదిగా లాగినా, ఆపేసినా నోరు మూసుకోదు. యూరప్‌లో ఉత్తర సముద్రంలో నేలకు అంటుకుని ఉండే సోల్ చేపల కోసం 12 మీటర్ల దూలాలు వాడతారు, ఇసుకలో దాక్కున్న చేపను లేపడానికి నోటి ముందు గొలుసులు అడ్డంగా కడతారు. వాళ్ళే గొలుసుల బదులు కరెంటు షాకుతో చేపను లేపే పద్ధతి కూడా పెట్టారు, యూరోపియన్ యూనియన్ 2021 జులై నుంచి దాన్ని నిషేధించింది.

ఈ రకం వల మీద ఫిర్యాదు కొత్తదేమీ కాదు. 1376లో ఇంగ్లండ్ పార్లమెంటుకు జాలర్లే మొరపెట్టుకున్నారు, అడుగున ఈడ్చే ఈ కొత్త వల నేలమీది మొక్కను, గుల్లను, పిల్లచేపను ఊడ్చేస్తోందని. ఆరున్నర వందల ఏళ్ళ కిందటి జాలరి మాట అది. మా తాతలు ఒడ్డున కూర్చుని ట్రాలర్ల లైట్లు చూస్తూ అన్న మాటకూ దానికీ తేడా కనిపించదు నాకు.

మా నమూనా లాగితే ఇసుకలో రెండు చదునైన దారులు, మధ్యలో గొలుసులు గీకిన మేర. గొలుసులు తీసేసి లాగితే మధ్య భాగం చాలావరకు అలాగే ఉంది. నోట్ చేసుకున్నాం.

ఫిబ్రవరి, బోర్డులు

అసలు కథంతా ఇక్కడుంది, మాకు ఎక్కువ టైం పట్టింది కూడా ఇక్కడే.

ఆటర్ ట్రాల్‌కు దూలం లేదు. వల నోటికి రెండు పక్కలా రెక్కలు, పై తాడుకు బెండ్లు, అడుగు తాడుకు గొలుసో సీసమో. బెండ్లు పైకి లాగుతాయి, గొలుసు కిందికి లాగుతుంది, అలా నోరు ఎత్తుగా తెరుచుకుంటుంది. మరి పక్కలకు తెరిచేదెవరు? నీళ్ళే. బోటు నుంచి వచ్చే రెండు ఇనుప తాళ్ళ చివర రెండు బోర్డులు ఉంటాయి, తాడు కట్టే చోటును బట్టి బోర్డు నీటికి ఏటవాలుగా నిలబడుతుంది, ముందుకు లాగేకొద్దీ నీళ్ళు దాన్ని పక్కకు నెడతాయి. గాలిపటం గాలిలో చేసే పనే ఇది నీళ్ళలో చేస్తుంది, ఎటొచ్చీ పైకి కాకుండా పక్కకు. ఈ పద్ధతి వాడుకలోకి తెచ్చినవాళ్ళలో స్కాట్లండ్‌లోని గ్రాంటన్ రేవు పేరు ముందు వస్తుంది, 1894లో అక్కడ బోర్డుల వల కట్టారు. ఆవిరి ఇంజన్లు వచ్చి పడవకు నిలకడైన లాగుడు శక్తి దొరికాకే ఇది కుదిరింది, ఎందుకంటే వేగం పడిపోతే బోర్డులు పడుకుంటాయి, నోరు మూసుకుంటుంది.

బావ గుర్తున్న కొలత చెప్పాడు, 135 సెంటీమీటర్ల పొడవు, 67.5 వెడల్పు ఉన్న చెక్క బోర్డు, అడుగున ఇనుప పట్టీ. మనకు 15 × 7.5. చెక్క మీద ఇనుప బ్రాకెట్‌కు చిన్న చిన్న కన్నాలు వరుసగా పెట్టాను, తాడు కట్టే చోటు ముందుకూ వెనక్కూ మార్చుకోవడానికి. ముందు కన్నానికి కడితే బోర్డు దాదాపు నీటి దారిలోనే తిన్నగా నడుస్తుంది, పక్కకు నెట్టదు, వల ముడుచుకునే ఉంటుంది. వెనక్కి జరిపేకొద్దీ ఏటవాలు పెరుగుతుంది, నోరు తెరుచుకుంటుంది. మరీ వెనక్కి జరిపితే బోర్డు నీటికి అడ్డం తిరిగి బరువు మాత్రం పెంచుతుంది, నోరు మళ్ళీ తగ్గుతుంది. ఈ దీర్ఘచతురస్రం బోర్డులకు 40 డిగ్రీలు దాటాక లాభం లేదని పుస్తకాల్లో ఉంటుంది. మాకూ అంతే వచ్చింది, 35 నుంచి 40 మధ్య కన్నంలో నోరు బాగా తెరుచుకుంది.

రెండో తంటా బోర్డు పక్కకు వాలడం. తాడు బోర్డు మధ్యకన్నా పైన కడితే పైఅంచు లోపలికి వాలిపోతోంది. ఇక్కడ బావ చూపించిన పద్ధతి రాసి పెట్టుకోవాల్సిందే. బోటు మీద బోర్డు పైకి వచ్చినప్పుడు పాత సరంగులు ముందు వల వైపు చూడరట, బోర్డు అడుగు పట్టీ వైపు చూస్తారు. "పట్టీ మొత్తం ఒకేలా మెరిసిందనుకో బావా, బోర్డు సుబ్బరంగా నడిచినట్టు. వెనకాల కొస ఒక్కటే మెరిస్తే ముక్కు లేచిపోనాదన్నమాట, తాడు ఇంకా వదలాల. ఒకపక్క అంచే అరిగితే వాలిపోనాదన్నమాట." నేను చిన్న బోర్డుల పట్టీలకు పలచగా రెడాక్సైడ్ పూసి లాగాను. తొట్టి ఆ చివర తీసి చూస్తే వెనక రెండు అంగుళాల మేర రంగు పోయి ఇనుము కనిపిస్తోంది, ముందు భాగం ఎర్రగా అలాగే ఉంది. తాడు ఇంకో అర మీటరు వదిలి మళ్ళీ లాగాం, ఈసారి పట్టీ పొడవునా రంగు ఒకేలా పోయింది. బావ ముఖంలో సంతోషం చూడాలి. ఇన్నేళ్ళూ అరుగుడు చూసి ఊహించిన దాన్ని మొదటిసారి నీళ్ళలో కళ్ళతో చూశాడు.

లోతు కన్నా తాడు ఎన్ని రెట్లు వదలాలన్నది ఇలాగే తేలింది. మా తొట్టిలో నీటి లోతుకు 3 రెట్లు వదిలితే బోర్డులు గెంతుతున్నాయి, 5 రెట్లు వదిలితే కుదురుగా నడిచాయి. లోతు తక్కువ చోట ఎక్కువ రెట్లు వదలాలి, లోతు పెరిగేకొద్దీ రెట్లు తగ్గించుకోవచ్చు.

ఇంకొకటి. బోర్డుకూ వల రెక్కకూ మధ్య పొడవాటి తాడు కట్టే పద్ధతి 1920ల్లో ఫ్రాన్సు వాళ్ళ నుంచి వచ్చింది. దాని పని ఏమిటో తొట్టిలో చూడ్డానికి ఇసుక మీద చెరువు బురద పలచగా చల్లాం. బోర్డు కొస నుంచి మబ్బులా బురద లేచి వల నోటి వైపు జరుగుతోంది. చేప ఆ బురద గోడను, నేల తాకుతూ వచ్చే తాడును తప్పించుకుంటూ మధ్యలోకి పోతుంది, మధ్యలో వల నోరు. అంటే వల వెడల్పు కన్నా అది తోలుకొచ్చే మేర చాలా ఎక్కువ. మా పల్లె కుర్రాళ్ళు ముగ్గురు గోడ మీద కూర్చుని ఇది చూశారు, అందులో ఒకడు వేరావల్‌లో రెండు సీజన్లు చేసినవాడు. "మేం ఇదా లాగుతున్నాం?" అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే కదా ఇదంతా.

ఈ బోర్డులే లేకుండా రెండు బోట్లు చెరో పక్క నుంచి ఒకే వల లాగితే అది జంట ట్రాల్. బోట్ల మధ్య దూరమే నోటిని తెరుస్తుంది. బుల్ ట్రాలింగ్ అంటే అదే, మన దేశంలో దానికి నిషేధం ఉంది, ఉండాలి కూడా. నమూనా కట్టలేదు, మా తొట్టి వెడల్పు చాలదు.

మార్చి మొదట్లో

పని కాస్త ఆగింది, రుషికుల్య మొగ వైపు వెళ్ళొచ్చాం. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఒకేసారి గుంపుగా గుడ్లు పెట్టే తీరాల్లో అది ఒకటి, శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించింది 1994లో. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల తాబేళ్ళు ఎక్కాయి. కొన్నేళ్ళు అసలు రావు. అక్కడి పోడంపేట లాంటి తెలుగు పల్లెల వాళ్ళు గుడ్లకు కాపలా కాస్తారు, పిల్లలు లైట్ల వైపు పోకుండా చూస్తారు. ఒడ్డు పొడవునా చచ్చి కొట్టుకొచ్చినవి కూడా కనిపిస్తాయి, పెంకు మీద ఒక్క గాయం ఉండదు. తాబేలు ఊపిరి పీల్చుకోవడానికి పైకి రావాలి, ట్రాలర్ వల ఒక్కసారి దించితే రెండు మూడు గంటలు నీళ్ళలోనే ఉంటుంది. వల చివరి సంచిలో చిక్కినది పైకి రాలేదు. తాబేళ్ళు చచ్చిపోవడానికి కారణాలు ఇంకా ఉన్నాయి, దారం వలలూ ఉన్నాయి, కానీ ఈ ఒక్కదానికి మందు ఉంది, అది చేతిలో ఉండి కూడా వాడకపోవడం నాకు భరించరానిదిగా ఉంటుంది.

చట్టం మాట. ఒడిశాలో తీరం నుంచి 5 కిలోమీటర్ల లోపల ట్రాలర్లు రాకూడదు, ఆంధ్రలో 8. ధామ్రా, దేవి, రుషికుల్య మొగల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల వరకు వేటే లేదు. దీనివల్ల మా పల్లెల్లో చిన్న వలలవాళ్ళకు కూడా పస్తులు వస్తాయి, అందుకే కోపం ఉంటుంది, ఆ కోపం న్యాయమైనదే.

మార్చి నడిమి

డ్రెడ్జ్ ఒక్క రోజులో అయిపోయింది. ఇనుప ఫ్రేము, అడుగున పళ్ళు, వెనక ఇనుప రింగులతో అల్లిన సంచి. చేప కోసం కాదు, ఇసుకలో పాతుకుని ఉండే స్కాలప్, ఆల్చిప్ప, గుల్ల కోసం. మా తీరంలో ఇది వాడరు. నోరు తెరవడమన్న ప్రశ్నే లేదు, ఫ్రేమే నోరు. లాగాక ఇసుకలో పడ్డ గాడి వేలు పెడితే మొదటి కణుపు దాకా దిగింది.

మూడింటి గీతలూ పక్కపక్కన ఉంచి, తొట్టి నీళ్ళు తీసేసి ఫోటోలు తీశాం. నోరు తెరవడానికి ఏది వాడారో నేలమీద గాయం కూడా దాన్ని బట్టే ఉంది. దూలానికి కాళ్ళ దారులు, బోర్డులకు రెండు లోతైన చాళ్ళు, వాటి మధ్య అంతకన్నా ఎన్నో రెట్లు వెడల్పున తాడు పైపైన రాసిన మేర, డ్రెడ్జ్‌కు పూర్తి వెడల్పునా తవ్వకం. 2017లో అమెరికా సైన్స్ అకాడమీ పత్రికలో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో ఇదే వరుస కనిపిస్తుంది: ఆటర్ ట్రాల్ సగటున 2.4 సెంటీమీటర్ల లోతుకు దిగి ఒక్కసారి లాగితే నేలజీవుల్లో 6 శాతాన్ని తీసేస్తుంది, బీమ్ ట్రాల్ 2.7 సెంటీమీటర్లు, 14 శాతం, డ్రెడ్జ్ 5.5 సెంటీమీటర్లు, 20 శాతం. నీటి జెట్లు కొట్టి తవ్వే హైడ్రాలిక్ డ్రెడ్జ్ అయితే 16 సెంటీమీటర్లు, 41 శాతం. లాగడం ఆపేశాక నేల మళ్ళీ కోలుకోవడానికి 1.9 నుంచి 6.4 ఏళ్ళు పడుతుందని కూడా లెక్క కట్టారు. ఆటర్ ట్రాల్ అంకె తక్కువ కదా అని ఊరుకోవడానికి లేదు. అది తిరిగే మేర మిగతా రెండింటికన్నా చాలా పెద్దది, అదే చోట మళ్ళీ మళ్ళీ లాగుతారు.

ఏప్రిల్, వేట నిషేధం మొదలయ్యాక

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మెకనైజ్డ్ బోట్లు ఆగిపోతాయి, కుర్రాళ్ళు ఇళ్ళకు వచ్చేశారు. జాలీ పనికి ఇదే అదను.

ఈ జాలీ పుట్టుక గురించి బావకు చెబితే ముందు నమ్మలేదు. అమెరికాలో జార్జియా తీరంలో సింకీ బూన్ అనే రొయ్యల జాలరి, శాస్త్రవేత్త కాదు, 1960ల్లో తన వలలో జెల్లీ చేపలు నిండిపోయి ప్రాణం విసిగి, వల మెడలో వాలుగా ఇనుప ఊచల చట్రం పెట్టి పైన రంధ్రం చేశాడు. జెల్లీ చేపలు ఊచల మీద జారి బయటికి, రొయ్యలు ఊచల సందుల్లోంచి సంచిలోకి. తాబేళ్ళు కూడా అలాగే పోతున్నాయని తేలాక దానికి తాబేలును తప్పించే జాలీ అన్న పేరు వచ్చింది. మన దేశంలో కొచ్చిలో ఉన్న కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు సరిపోయేలా పైకి తెరుచుకునే జాలీని తయారుచేసింది, 100 × 80 సెంటీమీటర్ల కోడిగుడ్డు ఆకారం చట్రం. అమెరికా 1989లో చేసిన చట్టం ప్రకారం ఇలాంటి జాలీ లేకుండా పట్టిన సముద్రపు రొయ్యను వాళ్ళు కొనరు. 2019 నుంచి మన సముద్రపు రొయ్యకు ఆ తలుపు మూసుకుపోయింది. చెరువుల్లో పెంచే వనామీ రొయ్యకు ఈ అడ్డు లేదు, నష్టమంతా వేటకు వెళ్ళేవాడిదే.

నేను కట్టినది అదే సైజు. 10 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ రాడ్డుతో చట్రం, 8 మిల్లీమీటర్ల ఊచలు 7, సందు సుమారు 9 సెంటీమీటర్లు. అమెరికా నిబంధన 4 అంగుళాలు దాటకూడదంటుంది, దానికి లోపలే ఉంది. రిడ్లీ పెంకు 60, 70 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి సందులోంచి దూరే ప్రశ్న లేదు. వెల్డు చేసిన ప్రతి చోటా గ్రైండరుతో నున్నగా చేశాను. కాస్త ముల్లులా ఉన్నా వల కోసుకుపోతుంది, తాబేలు పొట్ట కూడా గీసుకుపోతుంది.

ముందు చిన్న జాలీతో తొట్టిలో చూశాం. తాబేలు బదులు కొబ్బరి చిప్ప ముక్కలు, 7 సెంటీమీటర్లవి, లోపల సిమెంటు రాసి నీళ్ళలో నెమ్మదిగా దిగేంత బరువు చేశాం. రొయ్యల బదులు నానబెట్టిన శనగలు. జాలీ 45 డిగ్రీల వాలులో ఉంటే చిప్ప ఊచలకు తగిలి, ఒక్క క్షణం ఆగి, పైకి జారి రంధ్రం మీది మూత ఎత్తుకుని బయటపడింది. శనగలు సంచిలో. వాలు తగ్గించి జాలీ నిటారుగా చేస్తే చిప్ప అక్కడే అతుక్కుపోయింది, దాని వెనక వచ్చినవన్నీ ఆగిపోయాయి. మరీ పడుకోబెడితే చిప్పతో పాటు శనగలూ పైకి కొట్టుకుపోయాయి. బోట్లవాళ్ళు "జాలీ పెడితే రొయ్య పోతాది" అని గట్టిగా అంటారు కదా, ఆ మాటకు ఆధారం ఉందని నాకు ఇక్కడ అర్థమైంది. వాలు తప్పితే నిజంగానే పోతుంది. జాలీ బరువుకు వల మెడ కిందికి వేలాడితే వాలు మారిపోతుంది, అందుకే చట్రానికి రెండు పక్కలా బెండ్లు కట్టాలి. జాలీ ఇచ్చి ఊరుకుంటే చాలదు, బెండ్లు ఎన్ని, మూత ఎంత బిగువుగా ఉండాలో కుట్టేవాడి పక్కన కూర్చుని చూపించాలి.

మే నెల

నమూనాలు హాల్లో పెట్టాం, తొట్టి వీడియోలు గోడ మీద నడుస్తున్నాయి. పిల్లలు బోర్డుల కన్నాలు మార్చి మార్చి బకెట్లో లాగుతున్నారు, మార్చుకోనివ్వండి, విరిగితే మళ్ళీ చేస్తాను.

పెద్ద జాలీని విశాఖలో బావకు తెలిసిన ఒక బోటు యజమాని ఒక ట్రిప్పుకు పెట్టిచూస్తానన్నాడు. రొయ్య పోతుందా లేదా అన్నది నోటిమాట మీద తేలదు కాబట్టి మూత పైన సన్న కన్ను వలతో ఇంకో సంచి కుడుతున్నాం. బయటికి పోయినవన్నీ అందులో పడతాయి. బోటు మీదే అసలు సంచిలోదీ, ఈ పై సంచిలోదీ విడివిడిగా తూకం వేసి, రొయ్య ఎంత, చేప ఎంత, పనికిరానిది ఎంత అని ప్రతి లాగుడుకూ రాయాలి. పై సంచిలో తాబేలు పడితే అది అక్కడా ఊపిరాడక చచ్చిపోతుంది కనుక ఆ లాగుళ్ళు అరగంట దాటకూడదని యజమానితో ముందే ఒప్పందం. తాబేళ్ళు ఎక్కువ తిరిగే నెలల్లో అసలు చేయం. కుట్టు సగం అయింది, మెడ దగ్గర వల కళ్ళు లెక్కపెట్టి చట్రం చుట్టూ సమంగా పంచడం మిగిలింది, బావ అది రేపు మొదలుపెడతాడు. జూన్ 14 రాత్రి బోట్లు కదిలేలోపు జాలీ విశాఖ చేరాలి.